3 అంగుళాల ఫిక్స్‌డ్ కత్తి: అట్ట కోస్తే బిగుసుకుంటోంది, కూర్చుంటే పక్కలో పొడుస్తోంది

మొండివాదర
రోజూ నడుముకు పెట్టుకోడానికి తీసుకున్న, మడత పడని కత్తి. అలుగు (బ్లేడు) 3 అంగుళాలు (76 మి.మీ.), వెన్ను దగ్గర మందం 4 మి.మీ., అంచు వైపు సన్నబడే వాలు అలుగు ఎత్తులో సగం కన్నా కిందనుంచే మొదలవుతుంది. ఉక్కు 1095 రకం, నల్ల కోటింగు. కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) ఒర, ప్లాస్టిక్ బెల్టు క్లిప్పు. ఒర లేకుండా 110 గ్రాములు. కంప్లయింట్లు మూడు.

చేతిమీద వెంట్రుకలు గీసేంత పదునుంది. అయినా దళసరి అట్టపెట్టె కోస్తుంటే సగం దాకా పోయి బిగుసుకుంటుంది. ఆపిల్ అయితే తెగదు, పటుక్కున పగులుతుంది. రెండోది, కుర్చీలో కూర్చోగానే పిడి పైకి లేచి పక్కటెముకల కింద పొడుస్తుంది. మూడోది, పదును అంచు వెంబడి గోధుమరంగు చుక్కలు.

ఉక్కు నాసిరకం అనే నా అనుమానం. మాగ్నాకట్ ఉక్కులోకి మారితే ఇవి పోతాయా? లేక రెండున్నర అంగుళాలది చూసుకోవాలా?

ఉక్కుపిచ్చి
మాగ్నాకట్ వేస్తే మూడోది పోతుంది. మొదటి రెండూ ఎక్కడివక్కడే ఉంటాయి. ఉక్కు చాదస్తం ఉన్నవాణ్ణి నేనే చెబుతున్నా, నమ్మండి.

సానరాయి
1095కి ఏం తక్కువ? 0.95 శాతం దాకా కార్బన్, క్రోమియం దాదాపు సున్నా. తుప్పు పడుతుంది, అది దాని గుణం. కోతకు మాత్రం అడ్డం కాదు. అడ్డం పడేది మందం. వెన్ను దగ్గరి 4 మి.మీ. సంగతి తర్వాత, ముందు పదును వాలు పూర్తయ్యే చోట, అంటే అంచుకు సరిగ్గా పైన, మందం ఎంతో చెప్పండి. వెర్నియర్ ఉందా?

మొండివాదర
వెర్నియర్ లేదు. స్కేలు ఉంది.

సానరాయి
స్కేలు చాలు. పదును వాలు ఒకవైపు మెరిసే పట్టీలా కనబడుతుంది కదా, దాని వెడల్పు చూడండి. ఫ్యాక్టరీ పదును ఒక్కోవైపు 20 డిగ్రీల చుట్టూ ఉంటుంది. ఆ లెక్కన పట్టీ వెడల్పు 1.2 మి.మీ. ఉంటే అంచు పైన మందం దాదాపు 0.8. పట్టీ 0.6 ఉంటే మందం 0.4. పట్టీ ఎంత వెడల్పుగా మెరిస్తే కత్తి అంత లావు. కొత్త కత్తి కొనేటప్పుడు ఫొటోలో చూసి కూడా ఇది పసిగట్టొచ్చు.

రోజువారీ పనుల 3 అంగుళాల కత్తికి 0.3 నుంచి 0.45 మధ్య ఉంటే హాయి. 0.7 దాటితే పదును ఎంత పట్టినా అది మేకు కొట్టినట్టే దూరుతుంది.

మొండివాదర
పట్టీ మిల్లీమీటరు దాటింది. 1.2 అనుకోవచ్చు.

సానరాయి
దొరికాడు దొంగ.

బండసుత్తి
ఎందుకండీ మందాన్ని ఆడిపోసుకుంటారు? ఈఎస్ఈఈ కంపెనీ ఐజులా కత్తి కూడా 4 మి.మీ. మందమే, అదీ 1095యే, ఏళ్ల తరబడి జనం వాడుతూనే ఉన్నారు. సన్నగా ఉంటే ఏదైనా పెకలించాల్సి వచ్చినప్పుడు మొన విరిగి చేతిలో ఉంటుంది.

ఒరపనివాడు
పెకలించేది వెన్నుతో కాదు కదా, మొనతో. ఈ కత్తులన్నిటికీ మొన దగ్గర మందం 1 మి.మీ. కూడా ఉండదు. వెన్ను 4 ఉన్నా 2.5 ఉన్నా విరిగేది ఆ చివరి 5 మి.మీ.యే. పెయింటు డబ్బా మూత తీయాలంటే స్క్రూడ్రైవరు చూసుకోండి.

బండసుత్తి
స్క్రూడ్రైవరు జేబులో ఉండదుగా.

అట్టపెట్టె
కత్తి ఉండాల్సిన జేబులో గడ్డపార మోస్తున్నారన్నమాట.

సానరాయి
బండసుత్తి గారూ, ఐజులా ఉదాహరణ బాగుంది కానీ ఆ మందం పిడి కోసం. అది చెక్కల్లేని బోడి పిడి. పిడి మందమూ అలుగు మందమూ ఒక్కటే ముక్క కాబట్టి 4 ఉంటేనే అరచేతికి పట్టు. పక్కన చెక్కలు బిగించిన కత్తికి ఆ అవసరం లేదు, 2.5 నుంచి 3 సరిపోతుంది. మోరాక్నివ్ ఎల్డ్రిస్ అనే చిన్న కత్తి అయితే 2 మి.మీ.యే, అలుగు 59 మి.మీ.

ఇక మన మిత్రుడి కత్తికి అసలు రోగం సగం వాలు. లెక్క చూడండి. అలుగు ఎత్తు 26 అనుకుందాం. వాలు 11 మి.మీ.లోనే 4 నుంచి 0.8కి దిగితే ఒక్కోవైపు 8 డిగ్రీల పైన కోణం వస్తుంది. అదే మందం వెన్ను నుంచీ దిగితే 4 డిగ్రీల లోపే. ఒకే మందం ఉన్న రెండు కత్తుల్లో ఒకటి రెండింతల లావు మేకు. ఆపిల్ పగలడానికి కారణం అదే. అంచు దిగిన సెంటీమీటరు లోపే పూర్తి మందం వచ్చి ముక్కను రెండువైపులకీ నెడుతుంది, తెగేలోగా చీలుతుంది.

అట్టపెట్టె
కత్తి గురించి అడిగితే త్రికోణమితి హోంవర్కు ఇచ్చారు.

మొండివాదర
సరే, కొత్తది కొనకుండా దీన్నే సన్నం చేయొచ్చా? బెంచి గ్రైండరు అందుబాటులో ఉంది.

సానరాయి
గ్రైండరు జోలికి పోకండి. 1095ని గట్టిపరిచాక 200 డిగ్రీల సెల్సియస్ పైచిలుకులో టెంపర్ చేస్తారు, అంటే పెళుసుదనం తగ్గేలా మళ్లీ వేడిచేస్తారు. గ్రైండరు రాయి మీద ఆ పల్చటి అంచు దాన్ని దాటడానికి రెండు సెకన్లు చాలు. అంచు మీద గడ్డిరంగు, నీలిరంగు తేలితే అక్కడ ఉక్కు మెత్తబడిపోయినట్టే. రంగు కనబడకపోయినా చెడిపోయి ఉండొచ్చు, ఎందుకంటే చివరి పావు మిల్లీమీటరు రంగు కంటికి ఆనదు. తర్వాత ఎంత సాన పట్టినా రెండు పెట్టెలు కోయగానే మొద్దుబారుతుంది.

చేత్తోనే చేయండి. 300 గ్రిట్ (గరుకు అంకె) దరిదాపుల డైమండ్ ప్లేటు, నీళ్లు, ఓపిక. వాలు మొత్తం అరగదీయక్కర్లేదు. పదునుకు పైన ఉన్న భుజం, అంటే రెండు వాలులు కలిసే గట్టు, కొట్టేస్తే చాలు. ఒక్కోవైపు 12 డిగ్రీలు పట్టండి. మీ అలుగు కొలతకు అది వెన్ను కింది అంచుకూ ప్లేటుకూ మధ్య 3.5 మి.మీ. సందు. రెండు నాణేలు పేర్చి చూసుకుంటే చేతికి ఆ కోణం తెలుస్తుంది, తర్వాత నాణేలు తీసేయండి. ముందు మార్కరు పెన్నుతో వాలంతా పూసుకోండి. రాపిడి ఎక్కడ తగులుతోందో సిరా చెరిగిన చోటు చెబుతుంది. మొదట్లో భుజం దగ్గరే చెరుగుతుంది, అది సరైనదే. చెరిగిన పట్టీ పైకీ కిందికీ పెరుగుతూ అంచును తాకాక ఆపాలి. అప్పటికి కొత్త వాలు మూడు, మూడున్నర మి.మీ. వెడల్పు వస్తుంది.

మొన వైపు వంపులో పిడిని కొంచెం పైకెత్తాలి. ఎత్తకపోతే వంపు దగ్గర లావు అలాగే ఉండిపోతుంది. మరీ ఎత్తితే మొన గుండ్రమవుతుంది. అందరూ పాడుచేసేది అక్కడే.

ఉక్కుపిచ్చి
ఆ 12 డిగ్రీల అంచును అలాగే వదిలేయకండి. మొత్తం 24 డిగ్రీలు, చిన్న ప్లాస్టిక్ ముడి తగిలినా మడత పడుతుంది. చివర్లో 1000 రాయి మీద 18 డిగ్రీలతో, అంటే వెన్ను కింద 6 మి.మీ. సందుతో, ఒక్కోవైపు ఐదారు తేలికపాటి గీతలు. కంటికి సన్నటి గీతలా కనబడే మైక్రో వాలు వస్తుంది. చాలు.

బర్ (సానలో అంచున మిగిలే సన్నటి ఉక్కు పొర) పోయిందో లేదో గోరుతో కాదు, మెత్తటి గుడ్డతో చూడండి. వెన్ను నుంచి అంచు వైపు తుడిస్తే ఏ వైపు పోగు పట్టుకుంటుందో ఆ వైపు బర్ ఉంది. ఆ వైపు ఒక గీత, ఈ వైపు ఒక గీత, ప్రతిసారీ ఒత్తిడి తగ్గిస్తూ. బర్‌ను తీయకుండా పదును అనుకుని ఒరలో పెట్టడం వల్లే "నిన్న పదునుంది, ఇవాళ లేదు" అనే పోస్టులన్నీ వస్తాయి.

బండసుత్తి
కోటింగు పోతుందిగా, మరి తుప్పు?

తుప్పుశత్రువు
పోతుంది. కొత్త వాలు మీద బోడి ఉక్కు బయటపడుతుంది. అసలు కోటింగు కత్తిని తుప్పునుంచి కాపాడుతుందనేది సగం నిజమే. పదును అంచు మీద కోటింగు ఏనాడూ ఉండదు. చుక్కలు వచ్చిందీ అక్కడే కదా.

ఇప్పుడున్న చుక్కలకు: మినరల్ ఆయిల్ రెండు చుక్కలు, 0000 నంబరు స్టీల్ ఊల్ తో రుద్దండి. గోధుమరంగు పోయి కింద నల్లటి మచ్చ మిగిలితే పర్వాలేదు. వేలికి గుంటలా తగిలితే మాత్రం అంచు మీద అది రంపపు పన్నులా విరుగుతుంది, ఆ మేరకు సానలో అరగదీయాల్సిందే.

తర్వాత బోడి ఉక్కుకు ముదురు పొర ఎక్కించుకోవచ్చు. సబ్బుతో జిడ్డు పూర్తిగా కడిగి, వేళ్లు తగలకుండా ఆరబెట్టి, వేడి వెనిగర్‌లో 15 నుంచి 20 నిమిషాలు. బూడిదరంగు తిరిగాక వంటసోడా కలిపిన నీళ్లలో కడిగి, తుడిచి, నూనె. వేలిముద్ర పడ్డచోట పొర ఎక్కదు, మచ్చ మచ్చలుగా ఉంటుంది. ఈ పొర తుప్పును ఆపదు, నెమ్మదింపజేస్తుంది. వెనిగర్ అంచును కూడా తింటుంది కాబట్టి పొర ఎక్కించాకే చివరి మైక్రో వాలు పెట్టుకోండి.

పండ్లు కోసే కత్తికి ఇంజనాయిలు రాయకండి, చెప్పాల్సివస్తోంది.

ఉక్కుపిచ్చి
తుప్పుతో రోజూ కుస్తీ ఇష్టం లేనివాళ్లకు: 14సి28ఎన్ తీసుకోండి. 14 శాతం క్రోమియం, 0.62 కార్బన్, పైన కాస్త నైట్రోజన్. సాన పట్టడం తేలిక, సన్నటి అంచు నిలుస్తుంది. ఏఈబీ-ఎల్ దాదాపు అదే కోవ, మొదట గడ్డం బ్లేళ్ల కోసం వచ్చిన ఉక్కు. ఉప్పునీళ్లలో పని అయితే ఎల్‌సి200ఎన్. డి2ని స్టెయిన్‌లెస్ అని అమ్మితే నమ్మొద్దు. క్రోమియం 12 శాతం ఉన్నా అందులో చాలా భాగం కార్బైడ్లలో (కార్బన్‌తో కలిసిన గట్టి రేణువుల్లో) ఇరుక్కుంటుంది, తుప్పును ఆపడానికి మిగిలేది తక్కువ. చెమట తగిలే నడుము దగ్గర డి2కి చుక్కలు వస్తాయి.

మాగ్నాకట్ 2021లో వచ్చింది, లారిన్ థామస్ రూపకల్పన. క్రోమియం 10.7 శాతమే, కానీ క్రోమియం కార్బైడ్లు దాదాపు లేకుండా చేయడంతో ఆ కాస్తా తుప్పు ఆపడానికే పోతుంది. డి2 కన్నా తక్కువ క్రోమియంతో డి2 కన్నా ఎన్నో రెట్లు నయం. తమాషా అక్కడుంది.

సానరాయి
తమాషా పూర్తిగా చెప్పండి. మాగ్నాకట్‌లో అరుగుదలను తట్టుకునేది వనేడియం, నియోబియం కార్బైడ్లు. మామూలు అల్యూమినియం ఆక్సైడ్ రాయి కన్నా అవి గట్టివి. సాదా రాయి మీద చుట్టూ ఉన్న ఉక్కు అరుగుతుంది, కార్బైడ్ అరగదు. డైమండ్ ప్లేటు లేనివాడు దాన్ని కొని తర్వాత తల పట్టుకుంటాడు.

ఉక్కుపిచ్చి
సాదా రాయి మీద కూడా పదునవుతుంది, సమయం పడుతుంది. తల పట్టుకునేంత లేదు.

సానరాయి
అంచు చివరి పదును తేడా కనబడుతుంది. ప్లేటు ఒకటి కొనుక్కుంటే తేలిపోయేదానికి వాదన ఎందుకు.

బెల్టుబాధితుడు
రెండో కంప్లయింటుకు ఎవరూ రాలేదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు, ఇక్కడ ఒక్కటే ఇమడట్లేదు.

ఒరపనివాడు
వస్తున్నా. పొడిచేది పిడే అయినా తప్పు పిడిది కాదు. కూర్చున్నప్పుడు ఒర అడుగు కుర్చీకి తగిలి మొత్తం కత్తిని పైకి తోస్తుంది, పైకి లేచిన పిడి పక్కటెముకలకు చేరుతుంది. రెండున్నర అంగుళాల అలుగుకు మారితే ఒర 13 మి.మీ. తగ్గుతుంది. ఆ మాత్రానికి బాధ పూర్తిగా పోదు. మార్చాల్సింది పెట్టుకునే తీరు.

మొదటి దారి అడ్డంగా. క్లిప్పు తీసి, ఒర అంచున ఉన్న రెండు రంధ్రాల్లోంచి బెల్టు లూపులు వేసి, ముందువైపు బొడ్డుకీ ఎడమ తుంటి ఎముకకీ మధ్య పెట్టండి. కుడిచేతివాళ్లకు పిడి కుడివైపుకు ఉండాలి. వెన్నెముక మీద అడ్డంగా పెట్టుకునే ఫ్యాషన్ ఒకటుంది. వెల్లకిలా పడితే గట్టి వస్తువు సూటిగా వెన్నుపూసకు తగులుతుంది, అది వద్దు.

రెండో దారి జేబులో. క్లిప్పు అక్కర్లేదు. ఒర అడుగు రంధ్రంలోంచి గట్టి దారం కట్టి రెండో కొస బెల్టుకో బెల్టు లూపుకో ముడి వేయండి. కత్తి లాగినప్పుడు ఒర జేబులోంచి వచ్చి దారం నిండగానే ఆగుతుంది, కత్తి ఊడి చేతికొస్తుంది. పొడవు 15 నుంచి 20 సెం.మీ. చాలు. మరీ పొడవైతే ఒర ఆగేసరికి చెయ్యి భుజం దాటుతుంది. ఆ జేబులో తాళాలు, ఫోను ఇంకేం ఉండకూడదు.

బెల్టుబాధితుడు
మెడలో వేసుకుంటే?

ఒరపనివాడు
60, 70 గ్రాముల లోపు కత్తికైతే ఆలోచించొచ్చు, ఇది 110. వేసుకునేవాళ్లు కచ్చితంగా గుంజితే తెగిపోయే గొలుసు వాడాలి. పారాకార్డు మామూలు ముడితో వేసుకోవడం ఉరి వేసుకోవడమే. పైగా పిడి కిందికి వేలాడుతుంది కాబట్టి ఒర పట్టు గట్టిగా ఉండాలి.

పట్టు పరీక్ష ఇలా. మందపాటి తువ్వాలు పరిచి, ఒరను తలకిందులుగా పట్టుకుని మూడుసార్లు గట్టిగా దులపండి. ఊడితే పట్టు చాలదు. దులిపినప్పుడు ఊడకుండా, బొటనవేలితో ఒర మూతిని నెడితే టక్కుమని వదిలితే అది సరైన పట్టు.

అట్టపెట్టె
తువ్వాలు కింద కాళ్లు లేకుండా చూసుకోండి.

మొండివాదర
దులిపి చూశా, ఊడలేదు. కానీ నడుస్తుంటే లోపల టకటక చప్పుడు.

ఒరపనివాడు
పట్టు ఉండి చప్పుడుంటే మూతి దగ్గర పట్టుకుంది, కింద అలుగు ఆడుతోంది. అంచున స్క్రూ ఉంటే రబ్బరు వాషరు వేసి బిగించండి. స్క్రూ లేకపోతే వేడిగాలి కొట్టే హీట్ గన్. అలుగుకు మాస్కింగ్ టేపు రెండు పొరలు చుట్టి ఒరలో పెట్టండి. టేపు లేకుండా అచ్చు వేస్తే అలుగుకు ప్లాస్టిక్ అంటిపెట్టుకుని గీతలు పడతాయి. కైడెక్స్ 160, 170 డిగ్రీల దగ్గర పూర్తిగా మెత్తబడుతుంది, మనకు అంత అక్కర్లేదు. ఆడుతున్న చోటు మాత్రమే, గన్ కదుపుతూ, వేలితో నొక్కితే కొంచెం లొంగే దాకా. వెంటనే మందపాటి గ్లోవుతో రెండువైపులా నొక్కి ఓ నిమిషం పట్టుకోండి. ఉపరితలం మీద చర్మంలాంటి గరుకు పోయి నున్నగా మెరిసిందంటే వేడి ఎక్కువైంది. బుడగ వచ్చిందంటే ఒర అయిపోయింది.

తుప్పుశత్రువు
ఒర అడుగున నీళ్లు పోయే రంధ్రం ఉందో లేదో కూడా చూడండి. కైడెక్స్ నీటిని పీల్చదు, కానీ అలుగుకూ గోడకూ మధ్య సన్నటి సందులో తడి రోజుల తరబడి నిలుస్తుంది. తోలు ఒరది ఇంకో తంటా. చెమట పీల్చుకుని లోపల దాచుకుంటుంది. రోజూ పెట్టుకోడానికి తోలు బాగుంటుంది, చప్పుడుండదు, ఒంటికి మెత్తగా ఉంటుంది. కానీ నెలల తరబడి కత్తిని అందులోనే ఉంచి అలమారలో పడేస్తే కార్బన్ ఉక్కు తీసేసరికి గుంటలు.

పిడికిలి
పిడి గురించి ఒక్క మాట. 110 గ్రాములంటే చెక్కల కింద ఉక్కు తొలవని గట్టి టాంగ్ (పిడిలోకి సాగిన అలుగు ఉక్కు) అయ్యుంటుంది. చెక్కలు స్క్రూలతో ఉంటే ఒకసారి విప్పి కింద చూడండి. నూనె అక్కడికి చేరదు, చెమట మాత్రం చేరుతుంది. తుడిచి, టాంగ్ మీద పల్చగా మైనం రాసి బిగించండి. మొత్తం పిడి మందం 12 నుంచి 14 మి.మీ. ఉంటే చెయ్యి నొప్పెట్టదు. అంతకన్నా సన్నమైతే జేబుకు సుఖం, చేతికి కష్టం. కొత్తది కొనేవాళ్లు చిన్న వేలు పట్టడం లేదని బెంగపడకండి. మూడు వేళ్ల పిడికి వెనక చిన్న తాడు ముడి వేస్తే నాలుగో వేలికి అదే ఆసరా.

బండసుత్తి
ఇంత తతంగం ఎందుకు, మడత చాకు పెట్టుకోవచ్చుగా?

పిడికిలి
తిండి కోసి కుళాయి కింద పెట్టి కడిగేయొచ్చు. ఇరుసులో జిగురు, పీచు పేరుకోదు. లాక్ జారి వేళ్లమీద పడే భయం లేదు. తడి గ్లోవుతో కూడా తీయొచ్చు. బదులుగా ఒర బరువు, ఒర వెడల్పు మోయాలి. ఇంకోటి, చట్టం దృష్టిలో రెండూ ఒకటి కావు. ఉదాహరణకు బ్రిటన్‌లో 3 అంగుళాల లోపు వాదర ఉన్న, లాక్ లేని మడత చాకును మామూలుగా జేబులో ఉంచుకోవచ్చు. ఫిక్స్‌డ్ అయితే ఎంత చిన్నదైనా సరైన కారణం చూపించాలి. ఎక్కడుంటే అక్కడి నిబంధన చూసుకున్నాకే నడుముకు. విమానంలో చేతి సంచిలో వద్దే వద్దు.

మొండివాదర
అప్‌డేట్. డైమండ్ ప్లేటు మీద రెండు వైపులా 12 డిగ్రీలు పట్టా, పైన 18తో మైక్రో వాలు. కొత్త పట్టీ 3 మి.మీ. పైనే వచ్చింది. దళసరి అట్ట చివరిదాకా ఆగకుండా తెగింది. ఆపిల్ ఇంకా సగంలో చీలుతోంది, ముందంత కాదు. ఒర అడ్డంగా మార్చాక కూర్చుంటే తెలియట్లేదు.

కొత్త సమస్య. ఒర మూతి దగ్గర సన్నటి నల్ల పొట్టు, పెన్సిలు చెక్కినట్టు.

సానరాయి
ఆపిల్ అంతే. వెన్ను మందం ఎక్కడికి పోతుంది?

ఒరపనివాడు
పొట్టు అంటే వాదర ఒర గోడను చెక్కుతోంది. ఇంతకుముందు లావు అంచు కాబట్టి జారిపోయేది. పెట్టేటప్పుడు బొటనవేలితో వెన్నును ఒర వెన్ను వైపుకు నొక్కి ఆనించి దింపండి. అప్పుడూ పొట్టు వస్తుంటే ఒరలోకి టార్చి వేసి చూడండి, గీత ఎక్కడుందో కనిపిస్తుంది. గీత మూతి దగ్గరే ఉంటే ఆ చోటు మాత్రం వేడి చేసి, చెక్క పుల్లతో వాదర వైపు గోడను ఒక మిల్లీమీటరు బయటికి తోయండి. లోపలి పొట్టు దులపకుండా మళ్లీ కత్తి పెట్టకండి, అది పేరుకుంటే తడి పట్టి ఉంచుతుంది.

మొండివాదర
గీత మూతి దగ్గరే ఉంది. పుల్ల వెతుకుతున్నా.